ఉత్సర్జనము: ఆచార్యుని విరామధర్మము

శ్రావణ పూర్ణిమ నాడు దక్షిణాపథమున యజుర్వేదులనేకులు ఉపాకర్మకు ముందు ‘కామోకార్షీత్’ మంత్రజపము చేయుదురు. ఆ జపసంకల్పమును శ్రద్ధగా ఆలకించినచో ఒక విశేషము గోచరించును. గడచిన పుష్యమాసమున అధ్యయనోత్సర్జనము చేయకపోవుటచే కలిగిన దోషమునకు అది ప్రాయశ్చిత్తము. అనగా చదువనందులకు కాదు. చదువును సకాలమున విరమింపనందులకు! నూతన యజ్ఞోపవీతధారణమే పండుగగా మిగిలిన ఈ కాలమున ఈ సంకల్పార్థమును విచారించువారు అరుదు.

తెలుగునాట కృష్ణయజుర్వేదులలో అధికసంఖ్యాకులు ఆపస్తంబ సూత్రానుయాయులు. ఆపస్తంబ ధర్మసూత్రము శ్రావణ పూర్ణిమ నాడు వేదాధ్యయనమునకు ఉపాకర్మను, పుష్య పూర్ణిమ నాడు గాని రోహిణీ నక్షత్రదినమున గాని విరమణను విధించినది. మనుస్మృతి అధ్యయనకాలమును నాలుగున్నర మాసములుగా నిర్ణయించి, పుష్యమాసమున గాని మాఘ శుక్ల ప్రతిపత్తున గాని గ్రామము వెలుపల ఉత్సర్జనము చేయవలెనని పలికినది. అటుపిమ్మట శుక్లపక్షమున వేదమును, కృష్ణపక్షమున వేదాంగములను చదువవలెను. ఇట్లు వర్షారంభమున మొదలైన పాఠము శిశిరమునకు తన వేగమును మార్చుకొనెడిది.

ఈ దీర్ఘవిరామమునకు తోడు అనధ్యయన దినములు కలవు. అష్టమి, చతుర్దశి, అమావాస్య, పూర్ణిమలందు పాఠము లేదు. మేఘగర్జనము, గ్రహణము మున్నగు నిమిత్తములందును లేదు. శిష్టుడైన అతిథి ఇంటికి వచ్చినను పాఠము ఆగవలసినదే. యాజ్ఞవల్క్యస్మృతి ఇట్టి తాత్కాలిక అనధ్యాయములను 37గా లెక్కించినది. అమావాస్య నాటి అధ్యయనము గురువునకు, చతుర్దశి నాటిది శిష్యునకు హానికరమని మనువు హెచ్చరించెను. శిష్యుని కంటె ముందుగా గురువును కాపాడు నియమమిందు కలదని గమనింపవలెను. సుందరకాండమున వాల్మీకి మహర్షి సీతాదేవి కృశత్వమునకు ప్రతిపత్తున పఠించువాని విద్యను ఉపమానముగా గ్రహించెను. విరామమెరుగని విద్య క్షీణించునను భావము ఆనాటికే లోకవిదితమై యుండెనని దీనివలన ఊహింపవచ్చును.

అయినచో ఈ విరామము ఆలస్యమునకు అనుమతి యగునా? కాదు. వేదాంగములకు, నిత్యస్వాధ్యాయమునకు, హోమమంత్రములకు అనధ్యాయము వర్తింపదని మనువే స్పష్టపరచెను. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి స్వాధ్యాయ ప్రవచనములను రెండింటిని జంటగా విధించినది. ప్రవచనము ఇచ్చుట, స్వాధ్యాయము నింపుకొనుట. నిత్యము ఇచ్చుటయే కాని నింపుకొనుట లేని ఆచార్యుడు ఊట ఎండిన బావి వంటివాడు. ఆ బావిలో నీరు కొంతకాలముండును. పిదప శిష్యులకు బురదయే దక్కును.

విరామము ఆచరణసాధ్యము కావలెనన్నచో జీవిక ఆగరాదు. క్రీ.శ. 1261 నాటి మల్కాపుర శాసనమునందు కాకతీయ రుద్రమదేవి కాలమున మందడమునందలి గోళకీమఠమునకు చేసిన ఏర్పాట్లు కానవచ్చును. విశ్వేశ్వర శంభువు అచట దేవాలయముతోపాటు వేదాధ్యాపకులకు, శాస్త్రాధ్యాపకులకు, వైద్యశాలకు, ప్రసూతిశాలకు భూముల ద్వారా వృత్తిని కల్పించెను. భూమిపై నిలిచిన వృత్తి పాఠము చెప్పిన దినములను లెక్కించి ఇచ్చు కూలి వంటిది కాదు. అనధ్యాయ దినమున కూడ ఆచార్యుని పొయ్యి వెలుగుటకు ఇట్టి వ్యవస్థయే ఆధారము.

ఈ భావము ఒక్క భారతదేశమునకే పరిమితము కాదు. యూదుల ధర్మశాస్త్రము ఆరేండ్లు సాగుచేసిన భూమికి ఏడవయేట విశ్రాంతినిచ్చినది. ఆ సంప్రదాయపు పేరుతోనే అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున 1880లో ఆచార్యులకు ఏడవయేటి ‘సబ్బాటికల్’ సెలవు ఏర్పడినది. నేడు మన దేశమున యూజీసీ నిబంధనలు ఉన్నతవిద్యలో నిర్ణీత హోదాయందు ఏడేండ్లు పనిచేసిన శాశ్వత అధ్యాపకులకు ఒక పర్యాయము ఏడాదికి మించకుండ, సేవాకాలమంతటను రెండేండ్లకు మించకుండ ఇట్టి సెలవును అనుమతించుచున్నవి. బడిపంతులునకు మాత్రము ఈ నిబంధన వర్తింపదు.

అందరికి సెలవిచ్చినచో పని సాగునదెట్లు అను ప్రశ్న సహజము. ప్రాచీనులు ఉత్సర్జనమును అందరికి ఏకకాలమున విధించిరి గనుక ఒకరి భారము వేరొకరిపై పడలేదు. పాఠశాలకు వేసవి సెలవులు అట్టివే. వానిని ఇతర విధులతో నింపక స్వాధ్యాయమునకు విడిచినచో అదియే నేటి ఉత్సర్జనము. వైద్యులు ఒక్కసారిగా విరమింపజాలరు. కావున వారికి వంతులవారీ విరామమే మార్గము. ఏ వృత్తియందైనను రెండు నియమములు తప్పరాదు: విరామమున జీవిక ఆగరాదు, స్వాధ్యాయము ఆగరాదు. మొదటిది సమాజధర్మము, రెండవది ఆచార్యధర్మము.

రాబోవు శ్రావణ పూర్ణిమ నాడు జపమునకు కూర్చున్న సాధకుడు ఆ సంకల్పమును ఒక్కక్షణము నిలిచి భావించుగాక. విరమింపనందులకు క్షమాపణ వేడుట సులభము. వచ్చు పుష్యమున సకాలమున విరమించుటయే దానికి సార్థకత.

ఇతి శివమ్.