పీడీఎఫ్ మార్పిడిలో తెలుగు పాఠం: చారిత్రక కారణాలు

అడోబీ సంస్థ 1993లో ప్రవేశపెట్టిన పీడీఎఫ్ ప్రధానోద్దేశం ఏ కంప్యూటరులో తెరిచినా పుట రూపం చెదరకుండా ఉండటం. అక్షరాల గుర్తింపును భద్రపరచడం అందులో ప్రధానం కాదు. బ్రౌజర్‌లో తెలుగు పీడీఎఫ్‌ను పాఠంగా మార్చినపుడు ఎదురయ్యే చిక్కులకు మూలం ఇదే.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం లభించింది. అయినా ఆ తరువాత చాలాకాలం తెలుగు పుస్తకాల కూర్పు పేజ్‌మేకర్‌లో అను వంటి ఫాంట్లతోనే సాగింది. ఆ ఫాంట్లలో ఆంగ్లాక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంకేతాలపై తలకట్లు, గుడులు, ఒత్తుల ఆకృతులను అమర్చారు. అందుచేత అటువంటి పీడీఎఫ్ కంటికి తెలుగుగా కనిపించినా, కాపీ చేస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాలు వస్తాయి. ఆ ఫాంటుకు తగిన మార్పిడి సాధనమే దీనికి పరిష్కారం. యూనికోడ్‌లో కూర్చిన పీడీఎఫ్‌లో సైతం, ఆకృతులను అక్షరాలతో జతపరిచే పట్టిక లోపిస్తే ఒత్తులు తారుమారవుతాయి. కేవలం స్కాన్ చేసిన ప్రతిలో పాఠమే ఉండదు. దానికి ఓసీఆర్ అవసరం.

కనుక మార్పిడికి ముందే ఒక వాక్యాన్ని కాపీ చేసి, ప్రతి ఏ కోవకు చెందినదో నిర్ధారించుకోవాలి. లేనిపక్షంలో అంతర్జాలంలో ఉన్న పరిశోధన సైతం అన్వేషణకు అందదు.