కన్నవారిని వెదకిన దత్తబిడ్డలు

కొరియా యుద్ధము (1950–53) వేలాది పసివారిని దిక్కులేనివారిని చేసెను. 1955లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రపు క్రైస్తవ రైతు హ్యారీ హోల్ట్, ఆయన భార్య బెర్తా ఎనిమిదిమంది కొరియా బిడ్డలను దత్తు తీసుకొనిరి. వారిని చూచి అనేకులు ముందుకు వచ్చిరి. అది ప్రేమకార్యమే. అయితే తరువాతి కాలములో తలిదండ్రులున్న పిల్లలు సైతము కొందరు కాగితములలో అనాథలుగా వ్రాయబడిరి. పెద్దవారై కన్నవారిని వెదకుచు వచ్చినప్పుడు ఆ కాగితములే వారికి అడ్డుగోడలాయెను. 1998లో అధ్యక్షుడు కిమ్ డే జుంగ్ దత్తబిడ్డలను పిలిపించి క్షమాపణ కోరెను. 2025లో ఆ దేశపు విచారణ సంఘము ప్రభుత్వ తప్పిదమును నిర్ధారించెను.

కన్నతల్లి దొరకినను దొరకకున్నను, నిజము తెలిసినప్పుడే దత్తబిడ్డ మనస్సుకు సమాధానము. పెంచిన తల్లిపై ప్రేమ దానివలన తరుగదు. మన ఇండ్లలోని దత్తబిడ్డలకును ఆ నిజమును దాచకుందము.