రాజమహేంద్రవరం: అఖండ గోదావరి చివరి రేవు

రాజమహేంద్రవరం ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి ఎడమ గట్టున ఉన్న నగరం, తూర్పు గోదావరి జిల్లా కేంద్రం. జనం నోట మాత్రం రాజమండ్రి. పాత పేరును 2015లో అధికారికంగా పునరుద్ధరించారు. ఎదుటి గట్టున కొవ్వూరు. ఈ నగరాన్ని పరిచయం చేసే రచనలు చాలావరకు వేంగీ చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడితో, ఆయన కొలువులోని కవి నన్నయతో మొదలవుతాయి. కొత్తగా వచ్చినవారికి ఊరు అర్థం కావాలంటే అంతకుముందు నదిని చూడాలి. త్ర్యంబకం దగ్గర పుట్టి దాదాపు 1,465 కిలోమీటర్లు పారే గోదావరి, పాపికొండల ఇరుకు దాటి పోలవరం దగ్గర మైదానంలోకి వచ్చాక ధవళేశ్వరం దాకా ఒకటే ప్రవాహం. దాన్ని అఖండ గోదావరి అంటారు. ధవళేశ్వరం దిగువన అది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఆ చీలికకు సుమారు 8 కిలోమీటర్ల ఎగువన ఈ నగరం ఉంది. పైన కొండలు, కింద పాయలు, మధ్యలో ఒక్కసారి దాటితే సరిపోయే చోటు ఇది. రాజధాని, ఆనకట్ట, రైలు వంతెన మూడూ ఈ కొద్దిమేరలోకే రావడానికి మూలకారణం ఇదే అనిపిస్తుంది.

వేంగీ చాళుక్యులు ఏలూరు దగ్గరి వేంగి నుంచి, అంటే నేటి పెదవేగి నుంచి, రాజధానిని ఇక్కడికి ఎప్పుడు మార్చారన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. రాజమహేంద్ర బిరుదున్న మొదటి అమ్మరాజు (918–925) పేరిట ఊరు వెలసిందని కొందరు, రెండో అమ్మరాజు కాలంలోనని మరికొందరు అంటారు. రాజరాజ నరేంద్రుడే కట్టించాడన్నది జనశ్రుతి. బిరుదును ఆధారంగా తీసుకుంటే ఊరు రాజరాజు కంటే ముందుదనే వాదానికే ఎక్కువ బలం కనిపిస్తుంది. రాజరాజు పాలన 1019లో మొదలైందని కొందరు, పట్టాభిషేకం జరిగిన 1022ను లెక్కించాలని కొందరు అంటారు. 1061తో ముగిసిందనేది సాధారణంగా ఒప్పుకున్నదే. నన్నయ భారతాన్ని తెనిగించడం ఆయన కొలువులో మొదలైంది. రాజధాని రాజు ఇష్టాన్నిబట్టి ఏర్పడుతుంది గానీ నదిని బట్టి కాదని ఎవరైనా అనవచ్చు. మొదటి ఎంపిక వరకు అది నిజమే కావచ్చు. కానీ చాళుక్యులు పోయాక కూడా ఈ చోటును ఎవరూ వదల్లేదు. 1324 నాటి శాసనం ఉన్న మసీదు ఇక్కడ ఉంది. పద్నాలుగో శతాబ్దం చివర నుంచి పదిహేనో శతాబ్దం మధ్యదాకా రెడ్డి రాజులు ఇక్కడి నుంచే ఏలారు. శ్రీనాథుడు వారి ఆస్థాన కవి. తర్వాత గజపతులు, కుతుబ్‌షాహీలు వచ్చారు. కళింగానికీ దక్షిణానికీ నడుమ కదిలే ఏ సేన అయినా గోదావరి దాటక తప్పదు. అలాంటి దాటు లేని వేంగి పల్లెగా మిగిలింది, దాటు ఉన్న ఊరు వంశాలు మారినా పీఠంగా నిలిచింది.

పరిసర ప్రాంతాన్ని మలచింది మాత్రం ధవళేశ్వరం ఆనకట్ట. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో ఈ జిల్లా దీనంగా ఉండేది. 1832–33 నాటి నందన కరువు, 1839లో కోరంగి తీరాన్ని ముంచిన తుపాను జనాన్ని బాగా దెబ్బతీశాయి. పక్కనే నిండుగా పారే నది సముద్రంలో కలుస్తుంటే పొలాలు వానకోసం చూసేవి. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852కు పూర్తయింది. ఇక్కడ ఒక సందేహం వస్తుంది: నది ఇరుకైన పాపికొండల దగ్గర కట్టడం తేలిక కాదా? ఇరుకున్నచోట లోతూ, వరద ఉరవడీ ఎక్కువ. ధవళేశ్వరం దగ్గర నది వెడల్పయి, లంకలతో నాలుగు భాగాలుగా విడిపోతుంది. అందుకే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా, అన్నీ కలిపి సుమారు మూడున్నర కిలోమీటర్ల పొడవున, పెద్దగా ఎత్తులేని కట్ట సరిపోయింది. రాయి కూడా ధవళేశ్వరం కొండలోనే దొరికింది. పైగా డెల్టా తలభాగంలో కట్టడం వల్ల నీరు పల్లానికి దానంతటదే పారింది. కాటన్‌తోపాటు పనిచేసిన వీణం వీరన్న పేరును, రాళ్లు మోసిన వేలాది కూలీల శ్రమను పరిచయ గ్రంథాలు ఇంకా కాస్త ఎక్కువగా చెప్పవలసి ఉంది. పాత కట్ట స్థానంలో 1970లలో మొదలై 80లలో పూర్తయిన బ్యారేజీ ఇప్పుడు సుమారు 10 లక్షల ఎకరాలకు నీరిస్తోంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది.

రైలు మార్గమూ నది దాటడానికి ఈ చోటునే పట్టింది. మద్రాసు–కలకత్తా రైలు మార్గంలో గోదావరి ఒక పెద్ద అడ్డంకి. 1900లో హేవలాక్ వంతెన తెరుచుకున్నాక ఆ తెగిన గొలుసు అతికింది. 56 ఖానాల ఆ వంతెన 1997 దాకా పనిచేసింది. రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చింది, విల్లులాంటి కమానుల వంతెన 1997లో. 2015లో వచ్చిన నాలుగో వంతెన ఊరికి వెలుపలగా వాహనాలను దాటిస్తోంది. దాంతో దాటు ప్రాధాన్యం నగరం చేజారుతోందన్న అభ్యంతరంలో కొంత సత్యముంది. అయినా రేవు వల్ల వచ్చిన కోర్టులు, కళాశాల, గ్రంథాలయాలు ఇక్కడే ఉండిపోయాయి. 1881 డిసెంబరు 11న సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం జరిపించిన వితంతు వివాహం, ఆయన కట్టించిన టౌన్‌హాలు, చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) పేరిట ఉన్న చిత్రశాల, గౌతమీ గ్రంథాలయం ఆ వారసత్వమే. పన్నెండేళ్లకొకసారి పుష్కరాలకు జనం రావడమూ ఆగలేదు. 2015 పుష్కరాల మొదటి రోజున ఘాట్ దగ్గర తొక్కిసలాటలో రెండు డజన్లకు పైగా ప్రాణాలు పోయాయి. పుష్కర ఘాట్‌కు వెళ్లేవారు ఆ సంగతి మరవకూడదు. కోటిలింగాల రేవు, మార్కండేయేశ్వరుడి గుడి దగ్గరలోనివే.

నగరాన్ని ఆధారం చేసుకుని రెండు దిక్కులా తిరగవచ్చు. ఎగువకు వెళితే నది మధ్య లంకపై పట్టిసం వీరేశ్వరుడు, ఆపైన పాపికొండలు. దిగువకు వెళితే కడియం పూలతోటలు, ద్రాక్షారామం, బిక్కవోలులో వేంగీ చాళుక్యుల నాటి గుళ్లు, గౌతమికీ వశిష్ఠకూ మధ్య కోనసీమ, వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది. ఆత్రేయపురం పూతరేకులు దారిలోనే దొరుకుతాయి. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే పులస చేప వరదనీటి కాలంలోనే పడుతుంది. పడవ ప్రయాణానికి ఆ కాలమే ప్రమాదం. జూలై నుంచి సెప్టెంబరు దాకా వచ్చేవారు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం తెలుసుకోవడం మంచిది. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. మొదటిది పడిన రోజున ఎగువ ప్రయాణం మానుకోవాలి.