ఇంటి కంప్యూటర్ బ్యాకప్‌కు ఏది కొనాలి: హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా, పెన్ డ్రైవా?

పిల్లల సర్టిఫికెట్లు, నిఖా నామా స్కాన్ కాపీ, ఇంటి దస్తావేజులు, గల్ఫ్ నుంచి మనవాళ్లు పంపిన ఫోటోలు, పెళ్లి వీడియోలు... చాలా ఇళ్లలో ఇప్పుడివన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉంటున్నాయి. అందులోని డిస్క్ పాడైతే డేటా రికవరీకి చాలా ఖర్చవుతుంది, అయినా అంతా తిరిగొస్తుందన్న గ్యారంటీ ఉండదు. సర్టిఫికెట్ పోతే డూప్లికేట్ తెచ్చుకోవచ్చు. దాదీమా గొంతు రికార్డింగ్ పోతే మళ్లీ ఎక్కడ తెస్తాం? అందుకే ముందే ఇంకో కాపీ తీసి పెట్టుకోవాలి.

ముందు లెక్క చూసుకోండి

డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే ఎన్ని జీబీలున్నాయో తెలుస్తుంది. విండోస్‌ను, సాఫ్ట్‌వేర్లను మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. వచ్చిన లెక్కకు కనీసం రెట్టింపు సైజు కొనండి. ఒక్కో ఫోటో 4 ఎంబీ అనుకుంటే 1 టీబీలో దాదాపు రెండున్నర లక్షల ఫోటోలు పడతాయి.

దేని పని దానిదే

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్: ఎక్కువ డేటాకు తక్కువ ఖర్చు ఇదే. లోపల పళ్లెం గిర్రున తిరుగుతుంది కాబట్టి నడుస్తున్నప్పుడు కింద పడితే అంతే సంగతులు. యూఎస్‌బీ 3 పోర్టుకు పెడితే కాపీ త్వరగా అవుతుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టులో అదే పనికి గంటలు పడుతుంది.

ఎస్‌ఎస్‌డీ: వేగం ఎక్కువ, తిరిగే భాగాలు లేవు, దెబ్బలకు తట్టుకుంటుంది. ధర మాత్రం ఎక్కువ. ఇందులో డేటా విద్యుత్ ఛార్జ్ రూపంలో ఉంటుంది. కరెంటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి వేడిగా ఉండే చోట పడేస్తే ఆ ఛార్జ్ మెల్లగా తగ్గి డేటా చెదిరిపోవచ్చు. బీరువాలో పెట్టి మర్చిపోయే కాపీకి ఇది సరైనది కాదు.

పెన్ డ్రైవ్, మెమరీ కార్డు: ఇక్కడి నుంచి అక్కడికి తీసుకెళ్లడానికి బాగుంటాయి, దాచడానికి కాదు. చిన్నవి కాబట్టి ఇట్టే పోతాయి. మార్కెట్లో నకిలీలు కూడా ఉన్నాయి. పైన 1 టీబీ అని చూపిస్తాయి, లోపల కొన్ని జీబీలే ఉంటాయి. నిండాక కొత్త ఫైళ్లు కాపీ అయినట్టే కనిపిస్తాయి, కానీ తెరుచుకోవు. మరీ చవకగా వస్తోందంటే అనుమానించండి.

డీవీడీ: ఒక్కోదానిలో పట్టేది 4.7 జీబీ. 1 టీబీకి రెండు వందలకు పైగా డీవీడీలు కావాలి. ఎండ, వేడి తగిలితే పాడవుతాయి. పైగా కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డీవీడీ డ్రైవే ఉండట్లేదు.

క్లౌడ్: ఇల్లు మునిగినా, దొంగలు పడ్డా కాపీ వేరే చోట ఉంటుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అదీ జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడింటికీ కలిపి. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగంతో 500 జీబీ ఎక్కించాలంటే రెండు రోజులకు పైగా పడుతుంది. ఇంకో మాట. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ ఆన్‌లో ఉంటే కంప్యూటర్‌లో డిలీట్ చేసిన ఫైల్ క్లౌడ్‌లోనూ డిలీట్ అవుతుంది.

మూడు, రెండు, ఒకటి

అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రో వల్ల ప్రచారంలోకి వచ్చిన సూత్రం ఇది. డేటా మొత్తం మూడు కాపీలు ఉండాలి, కనీసం రెండు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. కంప్యూటర్‌లో ఉన్నది మొదటిది, హార్డ్ డిస్క్‌లోది రెండోది. మూడోది క్లౌడ్‌లో పెట్టొచ్చు. లేదా కర్నూలులో మీరుంటే హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య ఇంట్లో ఇంకో డిస్క్ పెట్టి, పండక్కి కలిసినప్పుడల్లా అప్‌డేట్ చేసుకోవచ్చు. పాన్, పాస్‌పోర్ట్ లాంటి కాగితాలున్న డిస్క్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి. మర్చిపోతే మీకూ తెరుచుకోదు.

కాపీ అవగానే డిస్క్ తీసేయండి

2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లకూ సోకింది. ఇలాంటివి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతాయి. ఆ సమయంలో బ్యాకప్ డిస్క్ తగిలించి ఉంటే దానిలోని ఫైళ్లకూ తాళం పడుతుంది. అందుకే పని అవగానే 'ఎజెక్ట్' నొక్కి, డిస్క్ తీసి, తేమ లేని చోట పెట్టండి.

బడ్జెట్ తక్కువైతే ఒక హార్డ్ డిస్క్ కొని, ముఖ్యమైన కాగితాల వరకు ఉచిత క్లౌడ్‌లో పెట్టండి. నెలకోసారి కాపీ చేయండి. మూడు నెలలకోసారి ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి నాలుగు ఫోటోలు, ఒక వీడియో తెరిచి చూడండి. డిస్క్ ఐదేళ్లు దాటితే శబ్దం వచ్చేదాకా ఆగకుండా కొత్తదానిలోకి మార్చేయండి.