కథ రాసే చేత్తోనే

కథలు రాసుకునే మనిషికి ఫిజిక్సుతో ఏం పని అని మీ అమ్మ పొద్దున అడిగిందిగా. ఎమ్మెస్సీ చదువుతూ నవల మొదలుపెట్టావని తెలిసిన దగ్గర్నుంచి, ఏదో ఒకటి తేల్చుకోమని నీ వెంటపడుతోంది. దాని బెంగ దానిది, తల్లీ. నేనైతే తేల్చుకోవద్దనే అంటాను. మా తెనాలి మనిషే ఒకాయన ఆ రెండూ జీవితాంతం చేశారు. ఆయన ముచ్చట చెప్తా, ఇలా వచ్చి కూర్చో. ఆ తాటాకు ముక్క మంటలో పడేసి, కాళ్ళు కొంచెం వెనక్కి లాక్కో.

ఆయన కొడవటిగంటి కుటుంబరావు గారు. 1909 అక్టోబరులో తెనాలిలో పుట్టారు. చందమామ నడిపినాయనగానే చాలామందికి గుర్తు. ఆయన చదువు ఏమిటో ఎంతమందికి తెలుసు? భౌతికశాస్త్రం! 1927లో విజయనగరం మహారాజా వారి కాలేజీలో బీఏ ఫిజిక్సులో చేరారు. ఆయన అక్కడ చదివిన ఆ రెండేళ్ళు ఎలాంటివో నీకు నేను చెప్పాలా? అంతకు ముందు ఏడాదే ష్రోడింగర్ సమీకరణం వచ్చింది. 1927లో హైజెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రం. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్, ద్రవంలో చెదిరిన వెలుగులో కొంత రంగు మార్చుకుని బయటికొస్తుందని ప్రకటించారు. ఆ రామన్ చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖపట్నంలోనే. వాళ్ళ నాన్న అక్కడ ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. మన ఆగిరిపల్లి నుంచి వచ్చిన సూరి భగవంతం గారు ఆ 1928లోనే కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర పనిలో చేరారు. ఫిజిక్సు పునాదులే కదిలిపోతున్న రోజులవి. ఆ రోజుల్లో కాలేజీ బెంచీ మీద కూర్చున్న కుర్రాడు మన కుటుంబరావు గారు.

అక్కణ్ణుంచి ఎమ్మెస్సీకి కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1929లో ప్రపంచమంతా ఆర్థికమాంద్యం వచ్చిపడింది. పంటకి ధర లేదు, పల్లెల్లో చేతిలో డబ్బాడదు. మా నాన్న ఆ రోజుల గురించి చెప్తుంటే, ధాన్యం గాదెల్లో ఉండి కూడా బతకడం కష్టమైన కాలమనేవాడు. ఎందరి చదువులో ఆగిపోయాయి. ఆయన ఎమ్మెస్సీ కూడా రెండో ఏడు పూర్తికాకుండానే ఆగింది. కథలు రాయడం మొదలైందీ ఆ రోజుల్లోనే.

ఆ తర్వాత ఆయన చెయ్యని ఉద్యోగం లేదు. జెమినీ స్టూడియో కథావిభాగంలో కొన్నాళ్ళు, సిమ్లాలో కొన్నాళ్ళు, ఆంధ్రపత్రికలో కొన్నాళ్ళు. 1952లో చందమామలో చేరి, 1980 ఆగస్టులో పోయేదాకా అక్కడే ఉన్నారు. చాలా ఏళ్ళు సంపాదకుడిగా అచ్చయిన పేరు చక్రపాణి గారిది. లోపల ఒక్కొక్క కథనీ, ఒక్కొక్క వాక్యాన్నీ సరిచేసింది ఈయన. అలా ఇరవై ఎనిమిదేళ్ళు! మేం పిల్లలుగా ఉన్నప్పుడు నెల మొదట్లో చందమామ కోసం పోస్టుమేను వెంట పరుగెత్తేవాళ్ళం. బేతాళుడు ప్రశ్న వేసేవాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగిలిపోతుంది. మేం పేజీ తిప్పకుండా, ముందు మా జవాబు మేం అనుకుని, అప్పుడు తిప్పేవాళ్ళం. సైన్సు మాస్టారినయ్యాక ఆలోచిస్తే తెలిసింది, ముందు ప్రశ్నని మనసులో నాటి, తర్వాత జవాబు చెప్పడమే పాఠం చెప్పడమంటే.

పగలంతా ఆ పని. మిగతా వేళల్లో కథలు, గల్పికలు, నవలలు, సినిమా మీద, సంగీతం మీద వ్యాసాలు. వాటితోపాటు సైన్సు వ్యాసాలు. అంతా కలిపితే పది పన్నెండు వేల పేజీలంటారు. సైన్సు గురించి రాయమని ఆయన మీద ఒత్తిడి తెచ్చినవాళ్ళెవరూ లేరు. అందులో డబ్బూ లేదు. ఏ యూనివర్సిటీలోనూ ఆయనకి కుర్చీ లేదు. తను చదువుకున్నది తన భాషలో నలుగురికీ చెప్పాలి, అంతే.

ఇప్పుడు నీకు పనికొచ్చే సంగతి చెప్తాను. మా కాలం పాఠ్యపుస్తకం నిర్వచనంతో మొదలయ్యేది. పిల్లాడు దాన్ని బట్టీపట్టేవాడు, పరీక్షలో కక్కేవాడు, సెలవుల్లో మర్చిపోయేవాడు. కథ చెప్పేవాడు అలా మొదలుపెట్టడు. ముందు ఏం జరిగిందో చెప్తాడు. ఎందుకిలా జరిగిందని వినేవాడే అడిగేలా చేస్తాడు. పేరు తర్వాత పెడతాడు. కుటుంబరావు గారి వచనం చదివితే ఇది తెలుస్తుంది. వర్ణనల్లేవు, అలంకారాల్లేవు, గొంతు పెంచడం లేదు. ‘చదువు’ నవల తీసుకో. సుందరం అనే పిల్లాడి చదువు మొదలైన దగ్గర్నుంచి, చదువుకున్నవాళ్ళకి ఉద్యోగాలు దొరకని మాంద్యం రోజుల దాకా నడుస్తుంది. ఎక్కడా ఒక్క వింత జరగదు. ఇంట్లో డబ్బెంత ఉంది, పెద్దవాళ్ళు ఏమనుకుంటున్నారు, బయట దేశంలో ఏం జరుగుతోంది, వీటిలోంచే ఆ పిల్లాడి బతుకు వస్తుంది. దేనికైనా కారణం ఉంటుందని నమ్మిన మనిషి రాసిన నవల అది. ఫిజిక్సు ఆయన నవలలకి అడ్డం రాలేదమ్మా, వాటికి వెన్నెముకగా నిలబడింది. ఆయన రాసినవన్నీ ఒక్కలా ఉన్నాయనను. కొన్ని కథల్లో మనుషుల కంటే వాదం ఎక్కువైందని నాకూ అనిపించింది. అయినా, చదివేవాణ్ణి తెలివితక్కువవాడిగా ఆయన ఎక్కడా చూడలేదు. సైన్సు రాసేవాళ్ళకి ముందు కావలసింది ఆ గౌరవం.

ఆయన దగ్గర నేర్చుకున్న ఆ పద్ధతితోనే నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. ఒక్క రోజు సంగతి చెప్తా. 1980 ఫిబ్రవరి 16, శనివారం, సూర్యగ్రహణం. హైదరాబాదు దగ్గర జపాల్ రంగాపూర్ వేధశాల ఉన్నచోట సంపూర్ణ గ్రహణం. మన వైపు పూర్తిగా కాకపోయినా ఎక్కువ భాగం మూసుకుంది. మధ్యాహ్నానికి ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంది. ఆవకాయ జాడీల మీద, నీళ్ళ బిందెల మీద దర్భలు. కడుపుతో ఉన్నవాళ్ళని గదుల్లోంచి కదలనివ్వలేదు. నేను నలుగురైదుగురు పిల్లల్ని తీసుకుని బడి వెనక చింతచెట్టు కిందికి వెళ్ళాను. పైకి చూడొద్దు, కింద చూడండి అన్నాను.

మామూలు రోజుల్లో చెట్టు కింద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది, చూశావుగా. ఆకుల సందు ఒకటి మూడు మూలలుగా ఉంటుంది, ఒకటి చీలికలా ఉంటుంది. కింద పడే చుక్క మాత్రం గుండ్రమే. ఎందుకు? పిల్లలకి ఈ ప్రశ్న నేను ముందు రోజే వేసి పంపాను. ఒక్కడూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం తెల్లకాగితం పట్టుకుని నిలబడితే, గ్రహణం పెరిగేకొద్దీ ఆ చుక్కలన్నీ ఒక పక్కన కొరుక్కుపోయి, చివరికి నెలవంకలయ్యాయి. కాగితం నిండా నెలవంకలు. అన్నీ ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి. ఒక పిల్లాడు అరిచాడు, “మాస్టారూ, ఇది ఎండ కాదు, సూర్యుడి బొమ్మ!” అంతే, పాఠం అయిపోయింది. రోజూ మన కాళ్ళ కింద పడే ప్రతి చుక్కా సూర్యుడి బొమ్మే. సందు చిన్నదైతే దాని ఆకారంతో పనిలేదు. దీన్ని సూదిబెజ్జం కెమెరా అంటారని అప్పుడు చెప్పాను.

మర్నాడు లెక్క కూడా చేయించాను. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పదడుగుల ఎత్తు సందులోంచి పడే చుక్క, అంగుళం కంటే ఓ పిసరు ఎక్కువ ఉంటుంది. ఎత్తుని ఆ వెడల్పుతో భాగిస్తే 108కి దగ్గరగా వస్తుంది. సూర్యుడు మనకి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, అడ్డం కొలిస్తే దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. భాగించి చూడు, అదే సంఖ్య. చింతచెట్టు కింద నిలబడి, స్కేలు పట్టుకుని, పల్లెటూరి పిల్లలు సూర్యుణ్ణి కొలిచారు. మర్నాటికి ఆ పిల్లల ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కూడా చెట్ల కిందికి వచ్చి చూశారు.

అయితే తల్లీ, కథ చెప్పేవాడికి ఇక్కడో పెద్ద ప్రమాదం ఉంది. నవలలో పాత్రని నీ ఇష్టం వచ్చిన దారిన నడిపించు, ఎవరూ కాదనరు. ఎలక్ట్రాన్ని అలా నడిపించలేవు. పరమాణువు చిన్న సౌరమండలమనీ, ఎలక్ట్రాన్లు గ్రహాల్లా తిరుగుతాయనీ ఇప్పటికీ పిల్లల పుస్తకాల్లో బొమ్మ వేస్తున్నారు. నిజంగా అలా తిరిగితే, ఎలక్ట్రాను శక్తిని వెదజల్లుకుంటూ క్షణంలో కేంద్రకంలో పడిపోవాలి. 1913లో బోర్ ఆ చిక్కుని కొంత దాటించాడు. 1926 వచ్చేసరికి ఆ కక్ష్యల బొమ్మే పోయింది. వందేళ్ళవుతోంది. కథ బాగుందని బొమ్మని మాత్రం వదల్లేదు. నువ్వు రాసేటప్పుడు ఏ పోలిక పెట్టినా, అది ఎక్కడిదాకా నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో ఆ పక్కనే రాయి. చదివేవాళ్ళు కోప్పడరు. దాచితేనే మోసం.

కుటుంబరావు గారొక్కరే అనుకోకు. నండూరి రామమోహనరావు గారు రోజూ పత్రికాఫీసులో సంపాదకీయాల పనిలో ఉంటూనే, విశ్వం గురించి ‘విశ్వరూపం’, మనిషి పుట్టుక గురించి ‘నరావతారం’ రాశారు. టామ్ సాయర్‌నీ, హకిల్‌బెరీ ఫిన్‌నీ తెలుగు చేసిన చెయ్యి అదే. నక్షత్రాల దూరాలు చెప్తున్నా ఆయన వాక్యం కవిత్వానికి దగ్గరగా ఉంటుంది. మా స్టాఫ్ రూములో ‘విశ్వరూపం’ చేతులు మారి మారి అట్ట ఊడిపోయింది. తెలుగు మాస్టారు, లెక్కల మాస్టారు ఒకే పుస్తకం కోసం పోటీపడటం నేను చూసింది అప్పుడే. కుటుంబరావు గారి అబ్బాయి రోహిణీప్రసాద్ గారు బొంబాయిలో భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. ఆయన తండ్రి బాటలోనే తెలుగులో ఎన్నో సైన్సు వ్యాసాలు రాశారు, పైగా సితార్ వాయించేవారు. 2012లో పోయారు. అప్పటినుంచి ఆ చోటు ఖాళీగానే ఉందని నా బాధ. తెలుగులో నవలలు రాసేవాళ్ళున్నారు, ఫిజిక్సు చదివినవాళ్ళు అమెరికా దాకా ఉన్నారు. రెండూ ఒక్క మనిషిలో ఉండి, ఆ మనిషి తెలుగులో రాయడానికి కూర్చోవడమే అరుదు.

వేళ ఎలా కుదురుతుందంటావా? నవల రాయడానికి మనసు ఖాళీగా ఉండాలి. ఎవరూ పలకరించని పొద్దున దానికివ్వు. సైన్సు వ్యాసానికి పుస్తకాలు తిరగెయ్యాలి, లెక్కలు రెండోసారి చూసుకోవాలి. అది అలసిన సాయంత్రం కూడా సాగుతుంది. ఒకటి మొరాయించిన రోజున రెండోదాన్ని పట్టుకో. మీ అమ్మకి నేను చెప్తాను, నువ్వేం మాట్లాడకు.

పడమటింట్లో నా బీరువాలో రెండో అరలో కుటుంబరావు గారి వ్యాసాల సంపుటాలున్నాయి, పక్కనే ‘విశ్వరూపం’ ఉంది. రేపు హైదరాబాదు వెళ్తూ పట్టుకెళ్ళు. ఈ వేసవి సెలవులకి వచ్చేటప్పుడు, నువ్వు చదివే ఆ క్వాంటం పాఠాల్లోంచి ఒక్కటి తీసుకుని, మీ నాయనమ్మకి చదివి వినిపించేలా నాలుగు పేజీలు తెలుగులో రాసుకుని రా. నవల ఎంతదాకా వచ్చిందో కూడా అప్పుడే చూస్తాను.