ముందు ఏరాలి, తర్వాతే తేల్చాలి

బ్యాంకు లోన్ల రూల్స్ రాయడం నా పని. కొత్తగా చేరినవాళ్లు రూల్‌లో చివరి సగం, అంటే లోన్ ఇవ్వాలా వద్దా అనే చోటు గురించే అడుగుతారు. నేను వాళ్లను మొదటి సగం దగ్గరే కూర్చోబెడతాను. ఈ రూల్ ఎవరికి వర్తిస్తుంది, ఎవరిని వదిలేస్తుంది? ఇలాంటి రూల్స్ రాసే కంప్యూటర్ భాషల చరిత్రంతా ఆ ఏరివేత చుట్టూనే నడిచింది.

1970ల్లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్‌లు మనిషి ఆలోచనను 'ఇలా ఉంటే ఇలా చెయ్యి' అనే రూల్స్‌గా రాసి పరీక్షిస్తున్నారు. రూల్స్ రాయడం తేలికే, నడపడమే భారమైంది. రూల్ పరీక్షించాల్సిన ఆబ్జెక్టులు, అంటే ఖాతాల్లాంటివి, వెయ్యి ఉన్నప్పుడు, రెండింటిని కలిపి చూసే కండిషన్ ఒక్కటుంటే చాలు, పది లక్షల జతలు పరీక్షించాలి. అదీ ప్రతి అడుగులోనూ.

అక్కడి పరిశోధక విద్యార్థి చార్లెస్ ఫోర్గీ రెండు సంగతులు పట్టుకున్నాడు. ఒక అడుగు నుంచి మరో అడుగుకు మారే ఆబ్జెక్టులు కొన్నే. పైగా చాలా రూల్స్‌లో అవే కండిషన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. అందుకని కండిషన్లను వరస జల్లెడలుగా పేర్చాడు. ఒక్క ఆబ్జెక్టుతో తేలిపోయే పరీక్షలు ముందు, జతలు కలిపే పరీక్షలు తర్వాత. సగం దాకా నెగ్గిన జతలను గుర్తుపెట్టుకుని, కొత్తగా మారినదాన్ని మాత్రమే మళ్లీ జల్లిస్తారు. 1979లో ఆయన పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథంలో వచ్చిన ఈ పద్ధతి పేరు రీటీ. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకు మించిన ఆలోచన మళ్లీ రాలేదు.

దాని బలం ఫ్యాక్టరీలో తేలింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ వ్యాక్స్ కంప్యూటర్ల ఆర్డర్లలో ఏ భాగానికి ఏ భాగం కుదురుతుందో తేల్చడానికి జాన్ మెక్‌డెర్మాట్, ఈ పద్ధతితో నడిచే ఫోర్గీ ఓపీఎస్ అనే రూల్స్ భాషల్లోనే ఎక్స్‌కాన్ అనే ప్రోగ్రామ్ రాశాడు. 1980లో న్యూహాంప్‌షైర్‌లోని సేలంలో అది పనిలోకి దిగింది. రూల్స్ పెరిగి పెరిగి 2500 దాకా వెళ్లాయి.

ఆ రూల్స్ చదవగలిగింది ప్రోగ్రామర్లే. 1987లో ఫ్రాన్స్‌లో మొదలైన ఐలాగ్ తర్వాతి కాలంలో అలాంటి రూల్స్‌ను బ్యాంకు ఆఫీసర్లు చదవగలిగే వాక్యాల్లోకి తెచ్చింది. 2009లో ఐబీఎం ఆ సంస్థను సొంతం చేసుకుంది. ఇప్పుడు ఆ భాషలో రూల్ మొదట్లోనే 'బాకీ లక్ష దాటిన ఖాతా' అని 'వేర్' క్లాజ్‌తో ఏరుకుని, కండిషన్ కింద రాస్తాం.

ఇక్కడొక మెలిక ఉంది. అలా ఏరినప్పుడు ఒక్క ఖాతా కూడా దొరక్కపోతే రూల్ అసలు నడవదు. 'లేకపోతే' కింద రాసింది కూడా నడవదు. కస్టమర్ దరఖాస్తుకు ఏ జవాబూ రాదు. రూల్స్ రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఒక్కటే: ఏరివేతలో ఎవరూ మిగలనప్పుడు ఏం చెయ్యాలో విడిగా ఇంకో రూల్ రాయండి.