బాటపై వాలిన కొమ్మ

చెట్టు వేరు ఒకరి నేలలో నుండును. కొమ్మ ఊరందరి బాటమీదికి వాలును. ఎండవేళ ఆ నీడను అందరును మెచ్చుకొందురు. కొమ్మ విరిగి బాటసారి తలపై పడిననాడు మాత్రము 'ఈ చెట్టు ఎవరిది?' అను ప్రశ్న పుట్టును. ఈ విషయమున న్యాయశాస్త్రము మొదట హక్కును గూర్చియే విచారించినది. బాధ్యతను గూర్చిన విచారణ తరువాత వచ్చినది.

క్రీస్తుకు పూర్వము సుమారు 450 నాటి రోమనుల పన్నెండు ఫలకముల శాసనములోనే, పొరుగు నేలమీదికి వచ్చిన కొమ్మలను 15 అడుగుల ఎత్తువరకు తీసివేయింపవలెనను విధి కలదు. అయినను పొరుగు నేలలో రాలిన పండ్లను ఏరుకొను హక్కు చెట్టు యజమానికే ఉండెను. అనగా ఫలము అతనిది. ఆ కొమ్మ ఆక్రమించిన చోటు అతనిది కాదు.

ఇంగ్లండులో 1894లో లెమన్, వెబ్ అనువారి వ్యాజ్యమున ప్రభువుల సభ ఈ న్యాయమునే స్థిరపరచెను. తన నేలమీదికి వచ్చిన కొమ్మలను, పరుల నేలలో అడుగిడకుండ, ముందుగా తెలుపకయే నరుకవచ్చును. ఎన్ని యేండ్లు వ్రేలాడినను కొమ్మకు అచట నిలిచియుండు హక్కు కలుగదు.

మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతి మరియొక సూక్ష్మమును చెప్పినది. నేలను అంటియున్న వస్తువును దొంగిలించుట అనునది లేదు. నేలనుండి వేరుచేసినంతనే అది దొంగతనమునకు తగిన వస్తువగును. ప్రహరి దాటి వ్రేలాడు మామిడికాయను బాటసారి తనదిగా చేసికొనగోరి కోసినచో, బాట అందరిదైనను కాయ అందరిది కాదు. 2023 నాటి భారతీయ న్యాయ సంహితయు ఈ సూత్రమునే నిలుపుకొన్నది.

బాట విషయమున ఒక చిక్కు కలదు. పొరుగువానికి గొడ్డలి పట్టు హక్కున్నది, బాటసారికి లేదు. అతడు నేలకు యజమాని కాడు, నడచువాడు మాత్రమే. కావున అతని పక్షమున పురపాలక సంస్థయు, మేజిస్ట్రేటును నిలువవలసివచ్చెను. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 133వ విభాగము, పడిపోవు స్థితిలోనుండి దారినపోవువారికి హాని చేయగల చెట్టును తొలగింపుమని, లేదా దానికి ఊత పెట్టుమని ఆజ్ఞాపించు అధికారమును మేజిస్ట్రేటునకు ఇచ్చెను. 1973 కోడులోను అదే సంఖ్యతో నిలిచిన ఈ నియమము 2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహితలో 152వ విభాగమైనది. విశాఖపట్నమున చేపలరేవునుండి తలపై గంపతో నడచు స్త్రీ తల యెత్తి కొమ్మను పరిశీలింపజాలదు. అట్టివారి కొరకే ఈ నియమము.

విరిగిపడిన పిదప నష్టము నెవరు భరింపవలెను? 1926లో ఇంగ్లండున నోబుల్, హారిసన్ అనువారి వ్యాజ్యమున, ప్రశాంతమైన దినమున ఒక బీచ్ చెట్టు కొమ్మ విరిగి బాటపై పోవు మోటారుబండిపై పడినది. కొమ్మలోని పగులు బయటికి కానరానిది గనుక యజమాని బాధ్యుడు కాడని తీర్పు వచ్చెను. రాజ్‌కోటులో 1975లో బాటప్రక్క చెట్టు కూలి కార్యాలయమునకు పోవుచున్న ఒక ఉద్యోగి మరణించెను. ఆ వ్యాజ్యమున మన సుప్రీంకోర్టు 1997లో పురపాలక సంస్థను బాధ్యురాలిగా చేయుటకు నిరాకరించెను. చావు నిజమే; కాని తెలియరాని దోషమునకు శిక్ష లేదు.

అయినచో తెలిసిన దోషము మాట ఏమి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖను తాకినది. చేపలరేవులో పడవలు దెబ్బతిన్నవి. నగరమున అసంఖ్యాకముగా చెట్లు కూలినవి. ఆనాడు కూలిన చెట్టుకు గాలిని కారణముగా చెప్పవచ్చును. కాని పగిలిన కొమ్మతో నిలిచిన చెట్టు మరునాటినుండి యజమాని కంటి ఎదుటనే యున్నది. పిమ్మట అది విరిగిపడినచో, తుపానును సాక్షిగా పిలుచుట సాగదు.

భయపడి చెట్టునే కొట్టివేయుదమన్నను చట్టము అడ్డుపడును. 2002 నాటి జలము, భూమి, వృక్షముల చట్టము ప్రకారము చెట్టు నరుకుటకు అధికారి అనుమతి వలయును. నీడయు కావలెను, బాటయు కావలెను. ఈ రెంటిని కలుపునది ఏటేట వానలకు ముందు యజమాని తల యెత్తి చూచు చూపు. ఎండిన కొమ్మను సకాలమున తీయించు చేయి.